రోవీనా మాడ్చేసిన గోధుమ చేను

ఇంగ్లండులో మా సఫోక్ బంకమట్టి నేలల్లో రైతు గొప్పతనమంతా రోడ్డు వార చేలోనే ఉంటుంది. వెనకాల ఎకరాల్లో ఏం పండినా, ఏం ఎండినా ఎవరికీ పట్టదు. రోడ్డు మీదికి కనిపించే చేలో మాత్రం ఒక్క కలుపు మొక్క తల ఎత్తకూడదు. ఆదివారం చర్చికి వెళ్ళే పెద్దమనుషులు దేవుడి సంగతి తర్వాత చూసుకోవచ్చని కారు నెమ్మది చేసి మరీ చూస్తారు. క్లాబర్న్ వాళ్ళ రోడ్డు వార చేను ఇరవై రెండు ఎకరాలు. ఆ జూన్ మొదటి వారంలో, పాలు పోసుకుంటున్న గోధుమని అందులో తొమ్మిదెకరాల మేర తన చేత్తోనే చంపెయ్యాలని రోవీనా క్లాబర్న్ నిశ్చయించుకుంది.

రోవీనా ఈ మట్టిలో పుట్టిన మనిషి కాదు. ఇప్స్విచ్ పట్నంలో బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించేది. మైల్స్‌ని పెళ్ళాడి పల్లెకొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట మైల్స్ గుండెపోటుతో పోయాడు. అతన్ని మట్టి చేసిన వారానికే మామగారు రెడ్వర్స్, పొలం కౌలుకిచ్చేద్దామన్నాడు. "నేను చేస్తా మామయ్యా," అందావిడ. ముసలాయన నవ్వలేదు గానీ, నమ్మనూ లేదు. నలభై నాలుగేళ్ళ వయసులో చేలకి మందు కొట్టే లైసెన్సు పరీక్షకి కూచుని, మొదటిసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది.

ఆవిడకి దొరికిన శత్రువు నల్లగడ్డి. గోధుమలో పుట్టి, గోధుమ తిండి తిని, మే నెలలో గోధుమని మించి నల్లటి కంకులు ఊపే గడ్డి అది. ముప్పై ఏళ్ళుగా అందరూ మందులు కొట్టారు. చచ్చేవి చచ్చాయి, చావనివి పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లలకి ఇప్పుడు మందంటే మంచినీళ్ళు. రోవీనా గింజలు పరీక్షకి పంపితే, గోధుమని వదిలి గడ్డిని మాత్రమే చంపే మందు ఇక మీకు లేదని జవాబొచ్చింది.

అయితే మందు లేకుండానే చేస్తానంది. అందరూ సెప్టెంబరులో విత్తితే ఆవిడ అక్టోబరు చివరిదాకా ఆగింది. ఆలోగా గడ్డి మొలిస్తే, మొలిచినదాన్ని మొలిచినట్టు దున్ని చంపేసి అప్పుడు విత్తింది. వానలు ముంచుకొస్తున్నా ఆగడమంటే మాటలు కాదు. పక్క పొలం డెస్మండ్ పబ్‌లో అందరి ముందూ అడిగాడు:

"ఏంటమ్మా రోవీనా, విత్తే మిషను ఎక్కడ పెట్టావో మర్చిపోయావా? కావాలంటే మాది పట్టుకెళ్ళు."

"వద్దులే డెస్మండ్. మా గడ్డి ముందు తిని పోతుంది. మీ ఇంట్లోలాగా గోధుమతో కలిసి పంక్తి భోజనానికి కూచోదు."

నాలుగేళ్ళలో వెనక చేలన్నీ దారికొచ్చాయి. ఒక్క రోడ్డు వార చేనే రాలేదు. జిల్లా వ్యవసాయ సంఘం ప్రతి జూన్‌లో గోధుమ పోటీ పెడుతుంది. దానికల్లా ఆ చేను నిండుగా ఉండాలంటే సెప్టెంబరులోనే విత్తాలని రెడ్వర్స్ పట్టు. ఎనభై ఏళ్ళ మనిషి మాట కాదనలేక ఆవిడ ఊరుకుంది. ఆ మొహమాటానికి ఫలితంగా ఇప్పుడు తొమ్మిదెకరాలు నల్లబడ్డాయి. జడ్జీలు పదిహేనో తారీఖున వస్తారు. అప్పటికి గడ్డి గింజ ముదిరి రాలడం మొదలవుతుంది. రాలిందా, నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

పొద్దున్న టోస్టు మీద వెన్న రాస్తూ చెప్పేసింది.

"గ్లైఫోసేట్ కొడుతున్నా మామయ్యా. గడ్డీ పోతుంది, గోధుమా పోతుంది."

"పోటీ అయ్యాక కొట్టు."

"అప్పటికి గింజలు నేలలో ఉంటాయి. చేతులు కాలాక ఆకులెందుకు?"

"ఊరంతా ఆ రోడ్డు మీదే తిరుగుతుంది అమ్మాయ్. మైల్స్ ఉంటే ఇలా చేసేవాడు కాదు."

ఆ మాట చురుక్కున తగిలింది. "మైల్స్ లేడు కాబట్టే నేను చేస్తున్నా," అని టీ తాగకుండానే లేచిపోయింది.

నల్లబడ్డ మేరకి చుట్టూ కర్రలు పాతి, ట్యాంకు నింపి, గాలి నిలిచిందాకా ఆగి ట్రాక్టరెక్కింది. ఒక్కో కంకీ నిండుగా ఉంది, పాపం దానిదేం తప్పు? అలా అనుకుంటూనే చేలోకి తిప్పబోతే, గేటుకి అడ్డంగా రెడ్వర్స్. ఆవిడ ఇంజను ఆపి కిందికి దిగింది. ఇవాళ తాడో పేడో తేలిపోవాలనుకుంది.

"అడ్డు లేవండి మామయ్యా. మీరు తిట్టినా కొడతాను."

"కొట్టొద్దనలేదు. నీ కర్రలు చాలవు. నల్ల కంకులు అవతలికి ఇంకో ఇరవై గజాలు పోయాయి. నా కళ్ళకే కనపడుతున్నాయి, నీకు కనపళ్ళేదా?"

ఆవిడకి కనపడ్డాయి. అంతా చంపడానికి ధైర్యం చాలక కర్రలు దగ్గరగా పాతింది.

ముసలాయన గేటు పట్టుకుని, ఆవిడ వైపు చూడకుండా చెప్పాడు. "ముప్పై ఒక్కేళ్ళ కిందట, పోటీ రోజున, ఇదిగో ఇక్కడే మూడు మొక్కలు చూశాను. ఊళ్ళో అప్పటికి ఎవరికీ లేదీ గడ్డి. గంటలో జడ్జీలొస్తున్నారు. కంకులు తుంచి చేలోకి విసిరేశాను. గింజ ముదిరిందని తెలుసు. తెలిసే విసిరాను."

"బహుమతి వచ్చిందా?"

"మొదటిది. మైల్స్‌కి కూడా చెప్పలేదు."

ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. మూడు మొక్కలు! సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెడితే పోయేది. ఎనిమిదేళ్ళ తన నడుం నొప్పి, మైల్స్ బతికున్నన్నాళ్ళు పడ్డ దిగులు, అంతా ఆ చేతి విసురులోంచే వచ్చింది. తిట్టడానికి నోరు తెరిచి చూస్తే, ఆయన అప్పటికే వంగి కర్ర పీకుతున్నాడు. ఒక్కొక్కటే ఇరవై గజాలు అవతలికి పట్టుకెళ్ళి పాతాడు. ముప్పావుగంట పట్టింది. ఆవిడ సాయం వెళ్ళలేదు. ఆయన బయటికొచ్చాక ట్రాక్టరెక్కి, కొత్త కర్రల దాకా పదమూడెకరాలూ కొట్టేసింది.

వారానికి చేను పసుపుబారి, తర్వాత గడ్డివామి రంగుకొచ్చింది. కార్లు నెమ్మదించడం కాదు, ఆగిపోయాయి. మామగారు పోటీలోంచి పేరు వెనక్కి తీసుకునే ఉంటాడని రోవీనా అనుకుంది. పదిహేనో తారీఖున జడ్జీలిద్దరూ గేటు ముందు కారు దిగారు. రెడ్వర్స్ టై కట్టుకుని ఎదురెళ్ళాడు, వెనకే రోవీనా.

"క్లాబర్న్ గారూ, పొరపాటున వేరే మందేదో పడినట్టుందే," అన్నాడు పెద్ద జడ్జి.

"పొరపాటు ముప్పై ఒక్కేళ్ళ కిందట నేను చేశాను. ఇది కావాలని చేసింది." గేటు దగ్గర విసిరిన మూడు మొక్కల కథ దాచకుండా చెప్పాడు. ఆనాటి బహుమతి ఎవరికివ్వాలో వాళ్ళకే ఇచ్చుకోమన్నాడు. జడ్జి ఇబ్బందిగా కాగితం మడవబోయాడు.

"మడవకండి. పైన రైతు అన్నచోట నా పేరుంది, కొట్టెయ్యండి. రోవీనా క్లాబర్న్ అని రాయండి."

"ఈ చేనుకి మార్కులేం పడవండీ, తెలుసుగా?"

"సున్నా అయినా ఆవిడ పేరు మీదే వెయ్యండి."

రోవీనాకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. జడ్జి కారు బానెట్ మీద కాగితం పెట్టి పేరు దిద్దాడు.