గాజు గ్లాసులో వేరుశనగ సేద్యం

నాలుగు రోజుల్లో కాయ కాసే వేరుశనగను కనిపెట్టిన ఘనుణ్ణి నేనే. అందుకు బళ్లో నాకు జరిగిన సన్మానం పగవాడికి కూడా వద్దు. వినండి.

మా ఊరికి కాయిన్ బాక్స్ ఫోను కొత్తగా వచ్చిన రోజులు. మూడో తరగతి చదివే మనవరాలు సుజాత ఒక గురువారం గ్లాసులో తడి దూది పరిచి, వేరుశనగ విత్తనాలు పెట్టింది. సోమవారానికి మొలిపించుకుని పోవాలట. బాగా మొలిచిన గ్లాసును, శనివారం బడి చూడటానికి వచ్చే పెద్ద సారు ముందు పెడతారట.

"తాతా, నువ్వు ముట్టుకోవద్దు," అంది.

రోషం రాదా మరి? బెల్లం పొట్లాల కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చినవాణ్ణి, కళ్యాణదుర్గం ఎర్రనేలలో తల నెరిసినవాణ్ణి, నాకా చెప్పేది! కానీ నిజం చెప్పొద్దూ, విత్తనం లోపల ఏం చేస్తుందో నేనెన్నడూ చూసెరగను. విత్తింది మొదలు మా చూపంతా మబ్బుల మీదే కదా! పిల్ల బడికి పోగానే దూది తొలగించాను. సూదిమొనంత వేరు! అన్నం తిని మళ్లీ చూశాను. కునుకు తీసి మళ్లీ. పెళ్లిచూపుల్లో పిల్లనైనా అంత తేరిపార చూడలేదు.

"ఏమయ్యా, పొదిగే కోడిని లేపినట్ల మాటిమాటికీ ఎత్తి చూస్తాండావు?" అంది మా ఆవిడ.

"నీకేం తెల్సు, ఊరుకో!"

ఆదివారానికి వేళ్లన్నీ విరిగి, గింజలు కుళ్లాయి. సోమవారం తెల్లారకముందే చేనికి పోయి, గిడసబారిన మొక్కనొకదాన్ని పెరికి, కడిగి, దూదిలో కుక్కాను.

"తాతా! మొక్కే వచ్చిండాది!" అని సుజాత గంతులేసింది.

"మన చెయ్యి అట్లాంటిదమ్మా," అన్నాను, సిగ్గులేకుండా.

మధ్యాహ్నం బడికి రమ్మని కబురొస్తే పోయాను. టీచరమ్మ అందరి ముందూ దూది విప్పింది. కొమ్మ నుంచి మట్టిలోకి దిగే ఊడ చివర బఠాణీ అంత లేత కాయ!

"పెద్దాయనా, గురువారం విత్తనం, సోమవారం కాయ! యాడిదప్పా ఇది? మా నాయనకు రెండు మూటలు కావల్ల!"

పిల్లలు గొల్లుమన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నాది మొలవకుండానే కాయ కాసింది మరి. సుజాత మాత్రం నవ్వలేదు. కళ్లనిండా నీళ్లతో, "ముట్టుకోవద్దంటి కదా తాతా," అంది. ఆ ఒక్క మాటకు నా నలభై ఏళ్ల సేద్యం ఎండిపోయింది.

టీచరమ్మ కనికరించి ఇంకో అవకాశమిచ్చింది. ఈసారి గ్లాసుకు మా ఆవిడ కాపలా. శనివారం సుజాత గ్లాసే ముందు వరుసలో ఉంది. పెద్ద సారు మెచ్చుకుని, "ఇంత బాగా ఎట్లా మొలిపించినావమ్మా?" అని అడిగాడట.

"మా తాతను దూరంగా పెట్టినాం సార్!"

ఆనాడే తూర్పుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో పిల్లల హోంవర్కును చేత్తో ముట్టను. చూడనని మాత్రం అనలేదు.