ఉప్పు కారు తింటుంది

ఆ దినాలు ఎంత దూరం పోయినయని చూస్తె గట్టిగ ఏడెనిమిదేండ్లు గూడ గాలె, కని ఇప్పుడు యాది చేసుకుంటె ఇంకెవలిదో ముచ్చట లెక్కనే అనిపిస్తది. నాకు అప్పుడు ఇరవై రెండు. తెలిసింది తక్కువ, తెలుసనుకున్నది మస్తు. తెల్వనిది అడిగితె ఇజ్జత్ పోతదని భయం, అడగకుంట చేస్తె కొలువు పోతదని భయం. ఈ రెండు భయాల నడుమ నేను చేసిన ఒక పని యాదికొస్తె ఇప్పటికీ అన్నం తినుకుంట ఒక్కన్నే నవ్వుత. మా ఇంటామె పప్పు గిన్నె పక్కకు పెట్టి "మల్ల కారేనా" అని అడుగుతది. మల్ల కారే.

మాది కర్దనూర్. పటాన్‌చెరు దిక్కు మా ఊరిని ఆనుకోనే ఉన్న ఒక చిన్న కంపెనీల బాయిలర్ కాడ హెల్పర్‌గ చేస్తుంటి. పర్మనెంట్ గాదు, కాంట్రాక్టు. డిసెంబర్ ఆఖరుకు కాంట్రాక్టు ఒడుస్తది, పర్మనెంట్ చేస్తె చేస్తరు, లేకుంటె ఇంటికే (మా అమ్మ అప్పటికే ఊర్ల అందరికి నేను పర్మనెంట్ అని చెప్పుకున్నది, అందుకని ఇంటికి పోయే సౌలత్ కూడ లేకుండె). బాయిలర్ నడిపేది హత్నూర నుంచి వచ్చే ఒక పెద్దమనిషి, అందరం ఆయనను బాయిలర్ కాక అంటుంటిమి. బోరు నీళ్లు సీదా బాయిలర్‌ల పోస్తె పైపుల లోపట సున్నం పేరుకుంటదని, ఆ నీళ్లను ముందుగాల సాఫ్ట్‌నర్ అనే ట్యాంకుల నుంచి పంపుతరు. ఆ సాఫ్ట్‌నర్ మంచిగ పని చెయ్యాల్నంటె దొడ్డుప్పు నీళ్లల్ల కరిగించి పెట్టాలె. ఉప్పు బస్తాలు మోసేది, కరిగించేది, పెట్టేది నేను. "సాఫ్ట్‌నర్ ఉప్పు తింటది, బాయిలర్ బొగ్గు తింటది, నువ్వు నా తలకాయ తింటవ్" అని కాక దినాం అంటుండె. మొదటి రెండు మాటలు నా బుర్రల గట్టిగ నాటుకున్నయి. అసలు కథ అక్కడ్నే ఉన్నది.

కంపెనీ పెద్ద సార్‌ది. ఆయన కోస్తాల సముద్రం ఒడ్డున ఏదో ఊరాయన. ఎప్పుడో సర్కారు ఫ్యాక్టరీల కొలువుకని ఈ దిక్కు వచ్చి, రిటైరైనంక ఈ కంపెనీ పెట్టుకున్నడు. ఆయన కొడుకు చిన్న సార్ ఇక్కడ్నే పుట్టి పెరిగినోడు, నాకంటె నాలుగైదేండ్లు పెద్ద. ఆ ఏడాది చలికాలం మొదలైనప్పుడు చిన్న సార్ తండ్రికి తెల్వకుంట ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నడు. పసుపు రంగు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. దాన్ని లారీల తెచ్చి బాయిలర్ షెడ్డు ఎనుక పెట్టిండు, ఎందుకంటె పెద్ద సార్ ఆఫీసు దాటి ఎనుకకు వచ్చేది లేదు. తెచ్చినంక అది గేటు దాటితె ఒట్టు. బయట రోడ్డు మీద కిలోమీటర్ పొడుగు వడ్లు ఆరబోసి ఉండె, వడ్లు లేని కాడ స్పీడ్ బ్రేకర్ ఉండె, రెండిట్ల ఏదెక్కినా కారు కడుపు గీక్కపోతది. పాపం, ఆయన దాంట్లె కూసోని ఇంజన్ చాలు చేసి, సప్పుడు ఇని, బంద్ చేసి దిగుతుండె.

నడుమల పెద్ద సార్ ఆయనను మిషన్ల పని మీద నెలా పదిహేను దినాలు గుజరాత్ పొమ్మన్నడు. పొయ్యే ముందల చిన్న సార్ నన్ను షెడ్డు ఎనుకకు తీస్కపోయి, చంటిపిల్లను అప్పజెప్పినట్టు తాళం చెయ్యి నా చేతుల పెట్టిండు.

"చలికాలం స్పోర్ట్స్ కార్లకి చాలా డేంజర్ అంట తమ్ముడూ. నాకూ పూర్తిగా అర్థం కాలేదు. ఈ కారున్నోళ్లది దునియా మొత్తానికి ఒక గ్రూపుంది, నిన్ను కూడా అందులో కలుపుతున్నా. వాళ్లేం చెప్తే అది చెయ్యి. నేనొచ్చేసరికి కారు ఇట్లాగే ఉంటే నీ పర్మనెంట్ సంగతి నాన్నతో నేను మాట్లాడతా."

నేను తలకాయ ఊపిన. చలికాలం డేంజర్ ఎందుకని అడుగుదామనుకున్న, ఇజ్జత్ యాదికొచ్చింది, ఊకున్న.

గ్రూపుల చూస్తె అందరు ఇంగ్లీషుల, ఇంకేందో భాషలల్ల రాసుకుంటున్నరు. నా ఫోన్ల తెలుగు చేసే సౌలత్ ఉండె, ఒక్కొక్కటి ఒత్తుకుంట చదువుకున్న. కారు ముచ్చట తక్కువ, ఎవలి ఊర్ల ఎంత చలి అన్న పోటీ ఎక్కువ. ఒకాయన మా దగ్గర మైనస్ ఇరవై అంటడు. ఇంకొకాయన, నీది ఏం చలి, మా దగ్గర నడుముల దాక మంచు అంటడు. వేడి దేశమాయన ఒకడు మా దగ్గర అసలు చలికాలమే లేదంటె అందరు కలిసి ఆయన మీద పడ్డరు. అట్ల అనుకుంట అనుకుంట, కొత్తగొచ్చిన ఇండియా తమ్ముడూ, మీ దగ్గరెంత అని నన్ను అడిగిండ్రు. ఆ పొద్దుగాల ఫోన్ల పదకొండు చూపెట్టింది. పదకొండు అని రాసిన. ప్లస్సా మైనస్సా అని అడిగిండ్రు. నాకు సమజ్ గాలె. అందరు మైనస్ అంటున్నరు, మనం ఒక్కలం ప్లస్ అంటె కర్దనూర్‌ను చిన్నచూపు చూస్తరేమో అనిపించింది. మైనస్ అని కొట్టిన.

ఇగ చూడు, నా మీద అందరికి పావురం పొంగింది, మస్తు జాలి పడ్డరు. అండ్ల ఒక గడ్డపాయన ఉండె, ఫోటోల ఎప్పుడు మంచుల నిలబడి ఉంటడు, నేను ఆయనకు మంచు మామ అని పేరు పెట్టుకున్న. ఆయన నా కోసం పెద్ద ఉత్తరమే రాసిండు. ఫోన్ దాన్ని తెలుగు చేసి ఇట్ల చూపెట్టింది: "ప్రియ మిత్రమా. ఇక్కడ చలికాలంలో రోడ్డు మీదికి నాగలి వస్తుంది. నాగలి తర్వాత ఉప్పు వస్తుంది. మునిసిపాలిటీ రోడ్డు అంతా ఉప్పు చల్లుతుంది. ఉప్పు కారు తింటుంది. అడుగు భాగం మరచిపోవద్దు."

నాలుగు సార్లు చదివిన. నాగలి కాడ్నే ఆగిపోయిన. ఇంటికి పోయి అమ్మను అడిగిన, రోడ్డు మీద నాగలి ఎందుకొస్తదని. అమ్మ పొయ్యి ముందల కూసోని రొట్టె కొట్టుకుంట జెరసేపు ఆలోచించింది. "గంత చలిల పొలం గడ్డకట్టుకపోతది గదా కొడుకా, రోడ్డే దున్నుకుంటరేమో" అన్నది. నాకు అది సబబుగనే అనిపించింది. ఉప్పు కారు తింటదంట అమ్మా అన్న. "ఉప్పు కారం తింటదా? అయితె అది గూడ మనిషి లెక్కనే" అన్నది. కారం గాదమ్మా, కారు. ఉప్పు, కారు తింటది. అమ్మకు ఇంకింత పరేషాన్ అయ్యింది, నాకు మాత్రం తొవ్వ దొరికింది. సాఫ్ట్‌నర్ తింటది గదా ఉప్పు. అది ట్యాంకు, ఇది కారు, రెండు ఇనుమే. చలికాలం రాంగనే దానికి ఉప్పు కావాలె. ఆ దేశంల మునిసిపాలిటోళ్లే తెచ్చి పోస్తరు, మన దగ్గర ఎవలు పోస్తరు, మనమే పొయ్యాలె. (ఆ పూట ఆ దేశం మునిసిపాలిటీ మీద నాకు ఎంత గౌరవం పుట్టిందంటె, మన మునిసిపాలిటీ మీద కోపమొచ్చింది.)

తెల్లారి కాక చాయ్‌కు పోయిన టైం చూసి సాఫ్ట్‌నర్ కోసం తెచ్చిపెట్టిన ఉప్పు బస్తాలల్ల ఒకటి కారు కింద పరిచిన. అడుగు భాగం మరచిపోవద్దన్నడు గదా. కని దొడ్డుప్పు అట్లనే పోస్తె సాఫ్ట్‌నర్‌కే దిగదు, కారుకేం దిగుతదని, ఇంకో బస్తా డ్రమ్ముల కరిగించి, బట్ట ముంచి కారు మొత్తం రాసిన. తలుపులు, చక్రాలు, ముందటి మూతి, ఏదీ ఇడువలె. వారం దినాలు పొద్దుగాల అదే పని. ఎండకు ఆరితె కారు మీద తెల్లగ పొర కట్టేది. అది చూసి నేను, మంచిగనే తింటున్నది, ఎక్కువైంది పైకి ఎల్లుతున్నది అనుకున్న. చిన్న సార్ ఫోన్ చేసి కారెట్లుందని అడిగితె "బలం పట్టింది సార్" అన్న. ఆయన సంబురపడ్డడు, ఆయనకు తెలిసింది గూడ అంతంతే.

వారం దాటినంక ఒక పొద్దుగాల, మంచు ఇంక ఇడువలేదు, కాక ఒర్రుకుంట వచ్చిండు. ఉప్పు బస్తాలు ఒక్కటి గూడ లేవు, సాఫ్ట్‌నర్ నుంచి సున్నం నీళ్లే వస్తున్నయి, ఇగ బాయిలర్ నడిపితె పైపులు ఖరాబైతయని ఆపేసిండు. బాయిలర్ ఆగితె కంపెనీ ఆగుతది. కంపెనీ ఆగితె పెద్ద సార్ వస్తడు. వచ్చిండు. ఆయన బాయిలర్ చూసిండు, సాఫ్ట్‌నర్ చూసిండు, కాకను నాలుగు మాటలు అడిగిండు. ఎనుకకు మర్లిపోతడు, ఇగ బతికిపోయిన అనుకునే లోపట షెడ్డు ఎనుక నుంచి సరసర నాకుతున్న సప్పుడు ఇనపడ్డది.

ఎనుక గోడ ఒక దిక్కు కూలి ఉంటది. దాంట్లెకెల్లి మా ఊరి బర్రెలు లోపటికొచ్చినయి. ఆరు బర్రెలు. మూడు కింద ఉప్పు నాకుతున్నయి, రెండు తలుపులు నాకుతున్నయి, ఒకటి కారు మూతి మీద మెడ పెట్టి, కండ్లు మూసుకోని, తీరువాటంగ ముందటి అద్దం నాకుతున్నది. అది మా బర్రెనే. నన్ను చూసి ఒకసారి కండ్లు తెరిచి మల్ల మూసుకున్నది.

పెద్ద సార్ కారు సుట్టు ఒకసారి తిరిగి వచ్చిండు. "ఏమయ్యా, ఈ కారెవరిది?" అన్నడు.

చిన్న సార్ పేరు చెప్తె ఆయన కథ ఒడుస్తది, నాకు మాట సాయం చేసే మనిషి గూడ ఉండడు. చెప్పకుంటె నా కథ ఒడుస్తది. ఏం చెయ్యాల్నో సమజ్ గాక, "నాదే సార్" అన్న.

"ఆ గేదె?"

"అది గూడ నాదే సార్."

"గేదె నీదంటే నమ్ముతాను" అన్నడు పెద్ద సార్. "కారుకి ఉప్పెందుకు రాశావు?"

"తింటది సార్. చలికాలం."

"ఏం తింటుంది?"

"కారు సార్. ఉప్పు. ఉప్పు కారు తింటది." ఏ మాట ముందల పెట్టాల్నో ఏది ఎనుక పెట్టాల్నో తెల్వక ఫోన్ తీసి మంచు మామ ఉత్తరం చూపెట్టిన. పెద్ద సార్ అద్దాలు ముక్కు మీదికి జరుపుకోని చదివిండు. ఆయన మీసం కదిలింది.

"మాది సముద్రం పక్క ఊరయ్యా. మా నాన్న సైకిల్ని ఉప్పుగాలి మూడేళ్లలో తినేసింది. ఉప్పు కారుని తింటుంది. కారు ఉప్పుని తినదు. అడుగు మర్చిపోకుండా కడగమని ఆయన అంటే నువ్వు పూశావు."

గప్పుడు నాకు సమజ్ అయ్యింది. సమజ్ అయినప్పుడు ఎంత సిగ్గయిందో చెప్పలేను, ఆ బర్రెల నడుమ కూసోని ఏడ్వాలనిపించింది. పెద్ద సార్ అక్కడ్నే నిలబడి కొడుక్కు ఫోన్ చేసిండు. "నీ కారుని గేదెలు నాకుతున్నాయి. ఫొటో పంపమంటావా" అన్నడు. ఎట్ల తెలిసిందని నేను నోరు తెరిచి చూస్తుంటె, "ఈ కంపెనీలో ఇలాంటి పనులు చేసేవాళ్లు ఇద్దరే. ఒకడి జీతం నాకు తెలుసు" అన్నడు.

కారును నేను, కాక కలిసి పొద్దంత కడిగినం. తలుపుల అంచులకు అప్పటికే ఎర్రగ తుప్పు మొదలైంది. చిన్న సార్ వచ్చినంక చేతితోని తడిమి చూసుకోని, చాన బాధపడి, "నన్ను పట్టివ్వలేదుగా, పోనీలే" అన్నడు. కారు అమ్మేసిండు. గ్రూపుల నేను ఉన్నదున్నట్టు రాసి బర్రె ఫోటో పెట్టిన. మంచు మామ అన్నిటికంటె ముందల, మైనస్ పదకొండుల బర్రెలు ఎట్ల బతికినయని అడిగిండు. ఇగ అబద్ధం ఆడబుద్ధి గాలె, ప్లస్ అని చెప్పిన. ఆయన, మీ ఊర్ల ఇల్లు కిరాయికి దొరుకుతదా అని రాసిండు. వాళ్ల దగ్గర నాగలి అంటె రోడ్డు మీది మంచు నూకే బండి, ఉప్పు చల్లేది మిగిలిన మంచు కరగనీకి అని కూడ చెప్పిండు. అమ్మకు చెప్తె, మంచిగున్నది గాని రోడ్డు దున్నుడే నయముండె అన్నది.

డిసెంబర్ ఆఖరుకు పెద్ద సార్ ఆఫీసుకు పిలిచిండు. ఇగ కొలువు పోయిందనుకోని, షెడ్డుల ఉన్న నా డ్యూటీ బట్టలు సదురుకోనే పోయిన. ఆయన కాయిదం మీద సంతకం పెట్టుకుంట కాకతోని, "వీడికి అబద్ధమాడటం కూడా చేతకాదు. స్టోర్స్‌లో వెయ్యండి. ఉప్పు ఒక్కటి మాత్రం మీరే చూసుకోండి" అన్నడు. (గ్రూపుల మైనస్ అని ఆడిన అబద్ధం ఆయనకు తెల్వదు, ఇప్పటికీ తెల్వదు.) అట్ల నేను పర్మనెంట్ అయిన. అమ్మ కండ్లల్ల నీళ్లు తీసింది, అప్పటిదాక తను ఊరికి చెప్పింది నిజమైనందుకు.

ఇప్పుడు స్టోర్స్ నాదే, ఉప్పు గూడ నా చేతికే ఇచ్చిండ్రు. పోయినేడు ఒక చిన్న పాత కారు కొనుక్కున్న, డ్యూటీకొస్తె దాన్ని గూడ ఆ షెడ్డు ఎనుకనే పెడుత. మా బర్రె పోయింది, దాని బిడ్డ ఉన్నది. ఎనుక గోడ ఇంక అట్లనే కూలి ఉన్నది. మొన్న చలి పొద్దుల అది ఆ సందులకెల్లి వచ్చి, తల్లి నిలబడ్డ జాగల్నే నిలబడి, నా కారును ఎగాదిగా చూసింది. నాకెందుకో మనసు పొంగింది, రా అన్నట్టు తలుపు కాడ నుంచి పక్కకు జరిగిన. అది దగ్గరికొచ్చి ఒక్కసారి నాకి చూసి, మొహం తిప్పుకోని పోయింది.