దీపాలు ఆర్పుకున్న జీపు

నా చిన్నప్పుడు నౌపడ ఉప్పుమడుల గట్ల మీద బళ్లు తోలేవాళ్లకి ఒక కట్టుబాటు ఉండేది. గట్టు ఒక్క బండి పట్టేంత వెడల్పే. రెండు బళ్లు ఎదురుపడితే ఖాళీ బండి వాలులోకి దిగాలి, బరువు బండి తిన్నగా పోవాలి. ఉప్పు బస్తాలతో నిండిన బండిని వాలులోకి దింపితే మళ్లీ పైకి ఎక్కించడం ఎవరి తరమూ కాదు. అందుకని బరువు తోలేవాడు మలుపు వచ్చేసరికి "బరువో" అని గొంతెత్తి కేక వేసేవాడు. ఆ కేక విన్నాక ఎంతటి మొనగాడైనా దిగాల్సిందే. ఇది ఏ పుస్తకంలోనూ లేదు గానీ గట్టు మీద తిరిగే చిన్నపిల్లలకి కూడా తెలుసు.

పెద్దయ్యాక నేను సరుకు ఓడల మీద పనిచేశాను. తలనెరిసి కళ్లజోడు వచ్చేదాకా చేశాను. యుద్ధనౌకలూ సరుకు ఓడలూ ఎందుకు గుద్దుకుంటాయని జనం నన్ను అడుగుతూ ఉంటారు, అదేదో పెద్ద శాస్త్రమన్నట్టు. శాస్త్రమూ లేదు, చట్టుబండలూ లేదు. నేను ఓడ ఎక్కకముందే ఆ గట్టు మీద అదంతా చూసేశాను.

ఆ రోజు చలికాలం, తెల్లవారినా పొగమంచు విడలేదు. మా మావ, అంటే మా మేనత్త మొగుడు, బస్తాలు వేసుకుని రైలు స్టేషనుకి బయల్దేరాడు. నన్ను దారిలో బడి దగ్గర దింపాలి. నేను బండి వెనక కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాను. ఆ రెండు ఎడ్లే వాళ్ల ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేవి. వాటిలో కుడిపక్కదాన్ని మా అత్త దూడప్పటినుంచీ గంజి తాగించి పెంచింది. మా మావ ఒట్టి బద్ధకపు మనిషి. ఎడ్లకి దారి తెలుసు కదా అని బస్తాలకి జేరబడి, తువ్వాలు మొహమ్మీద కప్పుకుని నిద్రపోయాడు. బండి కింద లాంతరు వెలుగుతూనే ఉంది. కానీ "బరువో" అనాల్సిన నోరు గురక పెడుతోంది. ఇలాంటి మావల్ని తర్వాత ఓడల్లో కోకొల్లలుగా చూశాను. ఓడని ఆటోపైలట్‌కి అప్పగించేసి, సముద్రానికి వీపు పెట్టి కాగితాలు నింపుకునే మహానుభావులు. ఒక్కసారి అద్దంలోంచి బయటికి చూడవయ్యా అంటే ఆస్తి రాసిమ్మన్నట్టు మొహం పెడతారు.

ఎదురుగా వస్తున్నది జీపు. ఆ మడుల్ని గుత్తకి తీసుకున్న షావుకారు దగ్గర ఒక మేనేజరు ఉండేవాడు. ఉప్పు దొంగల్ని పట్టుకుంటానని జీపుకి దీపాలు ఆర్పించి గట్ల మీద తిరిగేవాడు. వాడికి ఒక్క దొంగ దొరికినట్టు కూడా నేను వినలేదు గానీ, జీపులో వాడు కూర్చునే ఠీవి చూడాలి! యుద్ధనౌకల వాళ్లదీ ఇదే ఠీవి. నేను ఎవర్ని, ఎక్కడున్నాను, ఎటు పోతున్నాను అని ప్రతి సరుకు ఓడా ఒక యంత్రంతో చుట్టుపక్కల ఓడలకి చెప్పుకుంటూనే పోతుంది. వీళ్లు శత్రువుకి తెలిసిపోతుందని దాన్ని ఆపేసుకుంటారు. నడిసముద్రంలో ఆపుకుంటే ఆపుకోండి, ఎవరు కాదన్నారు? ఓడలు బారులు తీరి పోయే ఇరుకు దారిలోకి కూడా అలాగే వస్తారు. దారులు అడ్డంగా కలిసినప్పుడు, ఎవడికి అవతలి ఓడ కుడిపక్కన కనిపిస్తుందో వాడే తప్పుకోవాలి. ఫిరంగులున్నవాడికి ఇందులో మినహాయింపు ఏమీ లేదు. వాళ్ల నడక చూస్తే మాత్రం ఉందేమో అనిపిస్తుంది.

జీపు డ్రైవరు లాంతరు వెలుగు చూశాడు. చూసి, బండివాడే దిగుతాడులే అనుకున్నాడు. తీరా మీదికి వచ్చేశాక కంగారుపడి చక్రం ఎటు పడితే అటు తిప్పాడు. జీపు మూతి కుడిపక్క ఎద్దుని తోసేసింది. ఎద్దు గట్టు జారి పక్కనున్న ఉప్పుకాలవలో పడింది. దానితోపాటు కాడి కూడా ఒరిగి, దాని మెడని నీళ్లలోకి అదిమి పట్టింది. రెండో ఎద్దు గట్టు మీద మోకాళ్ల మీద కూలబడి రొప్పుతోంది. నేను వెనకనుంచి దూకి ముందుకి వెళ్లేసరికి పడ్డ ఎద్దు ముక్కు పైకెత్తి గాలి పీల్చుకుంటోంది, మళ్లీ మునుగుతోంది.

అక్కడున్న పెద్దమనుషులు ఏం చేశారో తెలుసా? తప్పెవరిదని తగువు పెట్టుకున్నారు. మేనేజరు జీపు దిగి మా మావని గుడ్డివెధవా అన్నాడు. మా మావ తువ్వాలు దులుపుకుంటూ లేచి, బరువు బండికి దారి ఇవ్వాలని తెలీదా అన్నాడు. మడుల్లో పనిచేసేవాళ్లు పోగై, కొందరు ఇటూ కొందరు అటూ చేరిపోయారు. ఒక తెలివైనాయన కర్ర పుచ్చుకుని చక్రాల జాడలు కొలవడం మొదలుపెట్టాడు. మావా, ఎద్దు మునిగిపోతోంది అని నేను చెయ్యి పట్టుకు లాగితే, మా మావ నన్ను విదిలించేసి మళ్లీ వాదనకి దిగాడు. ఇక వీళ్లతో కాదని, అవతలి మడిలో ఉప్పు పోగుచేస్తున్న మా అత్త దగ్గరికి పరిగెత్తాను.

అత్త ఒక్క మాట అడగకుండా వచ్చి కాలవలోకి దూకింది. తడిసి బిగుసుకుపోయిన పలుపుని గోళ్లు విరిగేలా లాగి విప్పింది. ఎద్దు తల ఎత్తి తన భుజానికి ఆనించుకుంది. అప్పటికే దాని కళ్లు తేలిపోయాయి. ఆవిడ చాలాసేపు దాని ముక్కు తుడుస్తూనే ఉంది. తర్వాత నీళ్లలో దాని నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే తడిమి చూసింది. ఎక్కడా ఎముక విరగలేదు.

తడిచీరతో గట్టెక్కాక ఆవిడ మొదట జీపు వైపే నడిచింది. అందులో వచ్చింది నలుగురు. దారి చూసినవాడు ఎవడని అడిగింది. మేనేజరు డ్రైవరుని చూపించాడు. డ్రైవరు, మేనేజరుగారు ముందే కూర్చున్నారు కదా, ఆయన చూస్తున్నారనుకున్నానన్నాడు. వెనకనున్న ఇద్దరూ, ముందు ఇద్దరున్నారు కదా అన్నారు. నవ్వొచ్చే మాట, కానీ నాకు నవ్వు రాదు. యుద్ధనౌకని నడిపే గదిలో మనుషులు కిక్కిరిసి ఉంటారు. రాడార్ చూసేవాడు ఒకడు, టెలిఫోను పట్టుకున్నవాడు ఒకడు, వాళ్ల మీద పెత్తనం చేసేవాడు ఇంకొకడు. గుద్దుకున్నాక అడిగి చూడండి, ఒకడు చూస్తున్నాడని ఇంకొకడు అనుకున్నాడంటారు. చివరికి చుక్కాని ఎవరి చేతిలో ఉందో కూడా తేలని సందర్భాలున్నాయి.

తర్వాత అత్త మేనేజరుని దీపాలు ఎందుకు ఆపావని అడిగింది. దొంగలకి కనపడకూడదని అన్నాడు వాడు, గొప్పగా.

"ఎవుడికీ అగుపడకూడదని దీపాలు ఆపుకున్నోడివి, అగుపడ్లేదని మా ఆయన్నెందుకు తిడతన్నావు బాబూ?"

జనం గొల్లున నవ్వారు. మేనేజరు మొహం మాడిపోయింది. మా మావ గెలిచానని ఛాతీ విరుచుకున్నాడు. అత్త అతని వైపు తిరిగింది.

"నువ్వేటి నవ్వుతన్నావు? బరువో అన్నావా?"

మావ అలవాటు ఆవిడకి తెలియంది కాదు. అతను నిద్రపోయాడని ఆవిడే అందరి ముందూ చెప్పేసింది. మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. అయితే తప్పు మీవాడిదే కదా, నీ నోటితో నువ్వే చెప్పావు కదా అని మళ్లీ అందుకున్నాడు. కర్ర పట్టుకున్న పెద్దాయన కూడా దగ్గరికి వచ్చాడు. అప్పుడు మా అత్త అందరి మొహాలూ ఒకసారి చూసి, గొంతు పెంచకుండా అంది.

"గుద్దినది మీ ఇద్దరి తప్పూను. సంపినది గట్టు మీద నిలబడ్డ మీరందరూను. దాని కాలు ఇరగలేదు. మీరు కొట్లాడుకుంతంటే అది నీళ్లు తాగి సచ్చిపోనాది."

 ఆవిడ కూలబడ్డ రెండో ఎద్దు మెడ నిమిరి లేపి, దాన్ని తోలుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది. మా మావతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ రోజు గట్టు మీదున్నవాళ్లంటే నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ చావలేదు.

మొన్న పక్కింటి మాస్టారు ఫోను పట్టుకుని వచ్చారు. ఎక్కడో ఒక యుద్ధనౌకా, సరుకు ఓడా గుద్దుకున్నాయట. యుద్ధనౌక పక్కకి కన్నం పడి, కింది గదుల్లోకి నీళ్లు వచ్చాయట. ఇన్ని రాడార్లు ఉండి ఇదేమిటండీ, మీ లెక్కలో తప్పెవరిది అని ఆత్రంగా అడిగారు. కింది గదుల్లో నిద్రపోయేది కుర్ర నావికులు. వాళ్లకి చుక్కానితోనూ సంబంధం లేదు, దీపాలతోనూ సంబంధం లేదు. ఎక్కడ ఏవి గుద్దుకున్నా నేను ముందు అడిగే మాట ఒకటే. అదే అడిగాను. నీళ్లలో ఎంతమంది ఉన్నారు, వాళ్లని తియ్యడానికి ఎవరు దిగారు?

మాస్టారు ఫోను తెర మీద వేలితో చాలాసేపు వెతికారు. ఈ దేశం మాట, ఆ దేశం మాట, ఈ కెప్టెన్ అన్నది, ఆ కంపెనీ అన్నది, అన్నీ చదివి వినిపించారు. నేనడిగింది మాత్రం అందులో ఎక్కడా రాయలేదన్నారు.