పెదనాన్న కాటా తప్పిన రోజు

మా పెదనాన్న కాటాలు బాగుచేస్తాడు. గోదాముల్లో బస్తాలు తూచేవి, పాత ఇనుము కొట్లవి, ఆసుపత్రుల్లో పసిపిల్లల్ని పడుకోబెట్టేవి, అన్నీ ఆయన బల్ల మీదికే వస్తాయి. ఆయన చెయ్యి పడ్డాక ముల్లు తప్పిందన్న మనిషి లేడు. "మనిషి అబద్ధమాడతాడు గానీ ముల్లు అబద్ధమాడదు అమ్మడూ" అంటాడు నాతో.

వయసులో ఆయన బాక్సరు. ఆ రోజుల్లో ఎనభై ఒక్క కిలోలు దాటితే హెవీవెయిటే. ఎనభై మూడు కిలోల పెదనాన్న నూట నాలుగు కిలోలవాణ్ణి మూడో రౌండులో పడగొట్టాడని మా ఇంట్లో చెప్పుకోని రోజుండదు. "ఎంత పెద్ద ఒళ్ళైతే ఏం, పడేది నేలమీదే కదా!" అని ఆయన ముగిస్తే అందరం నవ్వేవాళ్ళం. ఎడమ చెవి మాత్రం చిన్నప్పుడు నీళ్ళు పోయి చెడిందని చెప్పేవాడు.

బావ మొదట ఆ కథ మీద మోజుపడి, తర్వాతే పెదనాన్న కూతుర్ని, మా అక్కను పెళ్ళి చేసుకున్నాడని మేం ఏడిపిస్తాం. బావ కూడా బాక్సరే. బరువు తొంభై ఒకటి. ఇప్పుడు పై తరగతి తొంభై రెండు దాటాక మొదలవుతుంది, దానికి పైన హద్దే లేదు. కింది తరగతిలో నిశ్చింతగా ఆడొచ్చు. బావ మాత్రం పై తరగతికే పేరిచ్చాడు. అందులో అందరూ 'దూలం' అని పిలిచే మనిషి ఉన్నాడు. నూట ఇరవై రెండు కిలోలు.

పోటీల ముందురోజు కాటా సరిచూడటానికి పెదనాన్నతో హాలుకు వెళ్ళాను. దూలం ఇసుక సంచిని కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకూ నా చేతిలో తూకాలు రాసుకునే కాగితం అదిరింది. గోడనున్న అద్దంలో మా ఇద్దరి ముఖాలూ చెదిరి, మళ్ళీ కుదురుకున్నాయి. పెదనాన్న చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్ళింది.

"మా కాలంలో పెద్ద ఒళ్ళువాళ్ళు దుంగల్లా కదిలేవాళ్ళు. అలిసిపోయేదాకా తప్పించుకుంటే చాలు. వీడు చూడు, ఇంత ఒళ్ళేసుకుని పిల్లిలా తిరుగుతున్నాడు."

"మరి నువ్వు గెలిచావుగా పెదనాన్నా?"

"ఆ రోజు అతనికి జ్వరమమ్మా. ఒళ్ళు కాలిపోతోంది. తనంతట తనే తూలి పడ్డాడు. పడేముందు ఒక్కటి తగిలించాడు." చెవి మీది చెయ్యి తియ్యలేదు. "అప్పట్నుంచీ ఈ పక్క ఏమీ వినపడదు."

"బావకు చెప్పావా?"

"జ్వరం సంగతి చెప్పాను. 'నన్ను ఆపడానికి కథ మారుస్తున్నారా మావయ్యా' అని నవ్వాడు. ఇన్నేళ్ళూ నేనే చెప్పాను కదా, ఇప్పుడెవరు నమ్ముతారు?"

మర్నాడు ఉదయం తూకానికి బావ లీటరుకు పైగా నీళ్ళు తాగి, నిండుకుండలా తొణక్కుండా నడిచి వచ్చాడు. కాటా ఎక్కాడు. ముల్లు తొంభై రెండు దాటి, మరో వంద గ్రాముల దగ్గర ఆగింది. అధికారి పెన్ను మూత తీశాడు.

"ఆగండి" అన్నాడు పెదనాన్న. "కాటా తప్పు చూపిస్తోంది."

"మీరు సరిచూసిందేగా?" అన్నాడు అధికారి.

"నేనే. పొరపాటు జరిగింది."

ఇరవై కిలోల తూకపురాళ్ళు తెప్పించారు. పెదనాన్న ఒక్కోదాన్నీ గుడ్డతో తుడిచి, కాటా మీద నాలుగు మూలలా పెట్టి చూశాడు. గడియారం నడుస్తూనే ఉంది. బావ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

"మావయ్యా, తొందరగా కానివ్వండి!"

"తూకం దగ్గర తొందర పనికిరాదు బాబూ."

చివరికి బావ బాత్రూముకు పరుగెత్తాడు. హాలంతా ఘొల్లుమంది. అతను తిరిగొచ్చేసరికి కాటాలో ఏ తప్పూ లేదని తేలింది. మళ్ళీ ఎక్కితే తొంభై ఒకటిన్నర. మళ్ళీ నీళ్ళు తాగే వ్యవధి లేదు. తూకం గడువు ముగిసింది. బావ పేరు కొట్టేశారు.

"ముసలాయనకు చూపు మందగించింది" అన్నారెవరో. ఆ మాట ఆయన కుడి చెవి వైపే అన్నారు. పెదనాన్న రాళ్ళు సర్దుకున్నాడు.

మధ్యాహ్నం బావ మాకు దూరంగా కూర్చున్నాడు. దూలం ముందుకు తొంభై ఎనిమిది కిలోల మనిషి వచ్చాడు. మొదటి రౌండు సగమైనా కాలేదు. తడిగుడ్డను బండకేసి బాదినట్టు ఒక చప్పుడు. పడేటప్పుడు ఆ మనిషి కనీసం చేతులైనా అడ్డం పెట్టుకోలేదు. డాక్టరు తాళ్ళ కిందనుంచి దూరి లోపలికి వెళ్ళాడు.

బావ లేచి వచ్చి పెదనాన్నకు ఎడమ పక్కన కూర్చున్నాడు. ఏదో అన్నాడు. పెదనాన్న తల తిప్పలేదు. బావ కాసేపు ఆ చెవివైపే చూశాడు. తర్వాత లేచి, చుట్టూ తిరిగి, కుడి పక్కకు వచ్చాడు.

"ఆ చెవి... ఆ రోజే పోయింది కదా మావయ్యా?"

పెదనాన్న అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు కళ్ళద్దాలు మసకబారాయి బాబూ. ఆ మనిషి కాలు కదిలిందేమో చూసి చెప్పు."