మగ్గాల మోతలో మాటలు

మా వీధిలో మా పెద్దమ్మను అందరూ మైకు అంటారు. వంటింట్లో ఉప్పు నిండుకుంటే ఆ సంగతి మూడిళ్ళ అవతలి వాళ్ళకు కూడా తెలిసిపోతుంది. పెళ్ళికి ముందే మిల్లులో మరమగ్గాల మీద చేరి, మిల్లు మూతపడేదాకా అక్కడే నేసింది. ఆ మోత ఆమె చెవుల్ని సగానికి పైగా తినేసింది. తన గొంతు తనకే సరిగ్గా వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినబడదేమోనని ఆమె అనుమానం.

నేత షెడ్డులో గొంతుతో పనుండేది కాదు. పెదవులు సాగదీసి, కళ్ళు తిప్పి, వేళ్ళతో చూపించి మాట్లాడుకునేవాళ్ళు. ఎదురు మగ్గం మా అమ్మది. పేక నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగెడుతుండగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంటి గొడవలన్నీ తేల్చేసుకునేవాళ్ళు. సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉన్నా, వాళ్ళు తిడుతున్నది తననేనని అతనికి తెలిసేది కాదు.

మూతపడిన మిల్లులో చాలాకాలం పావురాలే కాపురమున్నాయి. తర్వాత మెల్లగా ఊరు తేరుకుంది. బాయిలర్ గది కాఫీ హోటలైంది. నూలు గిడ్డంగిలో బొమ్మల ప్రదర్శన పెట్టారు. నేత షెడ్డు మ్యూజియమైంది. అక్కడ మిగిలిన నాలుగు మగ్గాలను నడపడానికి పాత మనుషులు కావాలన్నారు.

"ఆ మోతకే చెవులు పోయాయి. మళ్ళీ అక్కడికేనా?" అన్నాడు పెదనాన్న.

"పోవాల్సినవి పోయాయిగా, ఇంకేం భయం?" అని పెద్దమ్మ చెప్పులేసుకుంది.

గైడు అమ్మాయి ముందు కథంతా చెప్పి సైగ చేస్తే, పెద్దమ్మ కాసేపు మగ్గం ఆడించి ఆపాలి. అంతే పని. మొదటి వారం మధ్యలో తనూ ఓ మాట కలిపేసరికి ఎవరి చంకలోనో పసిపాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. "మగ్గం మీరు చూసుకోండమ్మా, మాటలు మేం చూసుకుంటాం" అన్నాడు మేనేజరు మర్యాదగానే. పెద్దమ్మ మనసు చివుక్కుమంది. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. వీధి వీధంతా కంగారుపడింది.

ఒక ఉదయం వినికిడి లేనివాళ్ళ సంఘం నుంచి బస్సు నిండా జనం వచ్చారు. చేతి భాషలో చెప్పాల్సినామె జ్వరంతో రాలేదు. గైడు అమ్మాయి మైకు పట్టుకుని బిక్కమొహం వేసింది.

"ఇప్పుడెలా ఆంటీ?"

"నేనున్నాగా. మగ్గాలన్నీ వేసెయ్!"

షెడ్డు దద్దరిల్లింది. పెద్దమ్మ వాళ్ళ ముందు నిలబడి, తన నోటివైపు వేలు చూపించి మొదలుపెట్టింది. ఇది పడుగు, ఇది పేక, తెగితే ఇలా ముడెయ్యాలి. ముందు వరసలో ఉన్న ఓ ముసలి దర్జీ ఆ పెదవుల్ని చదివి, చేతులతో వెనకవాళ్ళకు అందించాడు. సూపర్‌వైజరు ముచ్చట రాగానే అందరూ పగలబడి నవ్వారు. ఆ జోకు అర్థం కానిది గైడు అమ్మాయికి ఒక్కదానికే. తర్వాత పెద్దమ్మ వాళ్ళ అరచేతుల్ని మగ్గం ఇనుప చట్రానికి ఆనించింది. నాడె కొట్టే ప్రతి దెబ్బా చేతుల్లోకి పాకింది. నేనూ ఇలాగే వినేదాన్ని, అంది పెదవులతో.

వెళ్ళేముందు దర్జీ ఆమెతో నోటితోనే ఏదో అన్నాడు. గొంతు రాలేదు.

"ఏమన్నారు ఆంటీ?" అంది అమ్మాయి.

మగ్గాలు ఆగిపోయిన సంగతి మరిచి, పెద్దమ్మ మ్యూజియమంతా మారుమోగేలా చెప్పింది: "ఇంత స్పష్టంగా మాట్లాడే మనిషిని తను ఇంతవరకూ చూడలేదట!"

కాఫీ హోటల్లో ఉన్నవాళ్ళు కూడా తొంగిచూశారు.

మర్నాడు మేనేజరు స్వయంగా ఇంటికొచ్చాడు. నెలకో ఆదివారం, మొదటినుంచి చివరిదాకా మగ్గాలు ఆడుతుండగానే కథ చెప్పాలన్నాడు. "దానికి ఇద్దరుండాలి బాబూ. మా చెల్లెల్ని కూడా తీసుకుంటేనే" అంది పెద్దమ్మ. మా అమ్మ అప్పటికే లోపల జడేసుకుంటోంది.

ఆ ఆదివారం వస్తే ఇప్పుడు జనం షెడ్డులో పట్టడం లేదు. ఇద్దరికీ 'గైడు' అని రాసిన బిళ్ళలిచ్చారు. పెద్దమ్మ కూరగాయలకు కూడా అది పెట్టుకునే వెళ్తుంది.

"తియ్యడం మర్చిపోయావే" అన్నాడోసారి పెదనాన్న.

"మర్చిపోలేదు" అంది పెద్దమ్మ, వీధి మొత్తానికీ వినబడేలా.