ప్లాన్‌లో ఉన్న ఇళ్లు

కొత్త కట్టడాలను తనిఖీ చేసే ఆ ఉద్యోగినిని మున్సిపల్ ఆఫీసంతా టేపమ్మ అనే పిలుస్తుంది. యాభై దాటినా మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకోదు. ఏ గోడనైనా ముందు అరచేత్తో తట్టి చూసి, ఆ తర్వాతే టేపు తీస్తుంది. బిల్డర్లు తెప్పించే కూల్‌డ్రింకు ముట్టదు. ఆ రోజు ఒక తొమ్మిదంతస్తుల భవనానికి వెళ్లింది. తక్కువ ఆదాయం వాళ్లకి కింద పన్నెండు చిన్న ఇళ్లు కడతానన్నందుకే ఆ బిల్డర్‌కి పైన రెండంతస్తులు అదనంగా దక్కాయి. పైన రెండూ నిక్షేపంగా లేచాయి. కింద ఇళ్లుండాల్సిన చోట మాత్రం అద్దాల గోడలతో జిమ్ వెలిసింది.

"ప్లాన్‌లో ఉన్నాయి కదండీ," అన్నాడు బిల్డర్ మేనేజరు తాపీగా.

"ప్లాన్‌లో కాపురం ఎవరుంటారయ్యా?" అందామె. అరికాలి మంట నెత్తికెక్కింది.

రిపోర్టులో 'ఇళ్లు లేవు' అని రాసింది. ఆఫీసరు అది చూసి మొహం చిట్లించాడు.

"'చిన్న చిన్న మార్పులు' అని రాయండమ్మా. మిగతాది నేను చూసుకుంటా."

ఆమె బయటికి నడిచింది. ఆ పన్నెండిళ్లలో ఒకదాని కేటాయింపు ఉత్తరం పట్టుకుని పొద్దుటినుంచీ వరండాలో కూర్చున్న ఆసుపత్రి ఆయాను తీసుకొచ్చి, ఆయన ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఈవిడకి ఇల్లొచ్చిందని ఉత్తరం రాసింది మనమే సార్. ఆ ఇల్లెక్కడుందో మీరే చెప్పండి."

ఆయా ఆశగా ముందుకు వంగింది. "మెట్లు లేకపోతే చాలు బాబూ. మా ఆయన ఎక్కలేడు."

ఆఫీసరు రిపోర్టు దగ్గరికి లాక్కుని, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. ఆ రిపోర్టు మీద అనుమతి రాదు కాబట్టి, ఇళ్లు కట్టేదాకా ఆ భవనం తలుపులు తెరుచుకోవు. అయితే ఇల్లింకా లేదన్న మాట ఆయాకు చెప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. చివరికి వరండాలో ఆమె పక్కన కూర్చుని, టేపమ్మే చెప్పింది.