ముందే అచ్చేయించిన గెలుపు

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి సంగతి అనుకోకండి. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి, ఫలితాలు రాకుండా ఉంటే బాగుండునని నేను ఇంట్లో కూర్చున్న వేసవి అది. ఊరంతా వేరే ఫలితాల కోసం ఎదురుచూస్తోంది కాబట్టి నా సంగతి ఎవరూ అడగలేదు. ఎన్నికల వల్ల సామాన్యుడికి మేలు జరుగుతుందని నేను మనసారా నమ్మింది ఆ ఒక్కసారే. ఊళ్లో ఏ పార్టీకీ చెందని మనిషిని నేనేననీ, కాబట్టి అందరినీ చూసి నవ్వే హక్కు నాకే ఉందనీ అనుకుంటూ తిరిగేవాణ్ణి. (నన్ను చేర్చుకోవాలని ఏ పార్టీవాళ్లూ కనీసం ఒక టీ కూడా ఇప్పించలేదన్నది వేరే సంగతి.)

మాది దొర్నిపాడు నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, రోడ్డు పక్క ఊరు. మా నాయనను ఊళ్లో అందరూ ‘ముందుచూపు’ అనేవాళ్లు. అది పొగడ్త కాదు. ట్రాక్టరు కొనబోతున్నానని ముందుగా ట్రాలీ కొన్నాడాయన. ట్రాక్టరు రాలేదు. ఆ ట్రాలీలో మా అమ్మ ఏళ్ల తరబడి వడియాలు ఎండబెట్టింది. ఆ ఏడు ఆ ముందుచూపు మొక్కజొన్నల మీద పడింది. తన పార్టీ గెలుస్తుంది, గెలవగానే రేటు లేస్తుంది, అంతదాకా గింజ అమ్మకూడదు అన్నాడు. సగం ఊరు ఆయన మాట విని గింజలు ఇళ్లలో పోసుకుంది. మిగతా సగానికి పెద్ద మా మేనమామ. ఆయనది అవతలి పార్టీ. (సిద్ధాంతాల తేడా ఏమీ లేదు. బావ ఏ పార్టీయో కనుక్కుని రెండోదానిలో చేరాడు.) ఆయన కూడా తన పార్టీ గెలిస్తే రేటు లేస్తుందని ఆగమన్నాడు. అలా ఊరు రెండుగా చీలి, ఒకే పని చేసింది.

గింజ ఇంట్లో ఊరికే ఉండదు కదా. పురుగు పట్టింది, ముక్క వాసన వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి వచ్చే గింజల వ్యాపారిని మేం సేటు అనేవాళ్లం. ఆ సేటు ఓట్ల లెక్కింపు మరునాడు లారీ తెస్తాననీ, అంతలోపల ఎండబెట్టి ఉంచకపోతే లారీ ఖాళీగా తిప్పుకుని పోతాననీ చెప్పాడు. ఆ గింజ అమ్ముడుపోతేనే మాకు విత్తనాలు, ఎరువులు, కౌలు. అందువల్ల లెక్కింపు రోజు పొద్దున ఊరి ముందు తారు రోడ్డుకు ఒక పక్కంతా మొక్కజొన్నలే. మొదట మావి, కాస్త అవతల మామవి, ఆ పైన ఊరివి. బస్సులు మిగతా సగంలో తలొంచుకుని పోయేవి.

ఇక అసలు సంగతి. ఓట్లు పడ్డాయో లేదో, నాయన నన్ను వెంటబెట్టుకుని నంద్యాల పోయాడు, విజయోత్సవ ఫ్లెక్సీ వేయించడానికి. ఇంకా పెట్టెలే తెరవలేదు గదా అని నేను బస్సులోనే నసిగాను. “తెరిచినాంక పోతే షాపు కాడ నిలబడేకి జాగా ఉండదురా. ఊళ్లో మొదుట మన ఫ్లెక్సీ లేయాల,” అన్నాడు. దాని వెనక ఒక గాయం ఉంది. అంతకుముందు ఎన్నికల్లో ఆయన నాయకుడు గెలిచి ఊరేగింపుగా వచ్చి, అన్ని నెలలు తనకోసం తిరిగిన మా నాయన చేతులు పట్టుకుని “నీది యా ఊరప్పా?” అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఈసారి పేరూ ముఖమూ కలిపి తెలిసిపోవాలని నాయన పట్టుదల. షాపు కుర్రాడు కంప్యూటర్లో రెండు పార్టీలకూ విజయాలు సిద్ధం చేసి పెట్టుకున్నాడు. రెండింటిలోనూ వెనక ఒకటే సింహం. ఓడిపోయినవి వాపసు తీసుకోబోమని మాత్రం మర్యాదగా చెప్పాడు. ఇరవై అడుగుల పొడవున నాయకుడు చెయ్యి ఊపుతూ, ‘అఖండ విజయం సాధించిన మా అన్నకు’ అని అక్షరాలు, కుడివైపు కింద చేతులు జోడించి మా నాయన. ఆ ఫోటో ఎవరి పెళ్లిలోనో అమ్మతో కలిసి తీయించుకున్నది. అమ్మను కత్తిరించేశారు గానీ, జానెడు చీర కొంగు మాత్రం ఆయన భుజం పక్కన మిగిలిపోయింది.

లెక్కింపు నంద్యాలలో. మా ఇంట్లో టీవీ. నేను రోడ్డు మీద కాళ్లతో గింజలు తిరగేస్తూ, కిటికీలోంచి వినిపించే నాయన గొంతును బట్టి రాష్ట్ర రాజకీయాలు తెలుసుకుంటున్నాను. పొద్దున ఫ్లెక్సీ కట్టడానికి కట్టెలు తెమ్మన్నాడు. కాసేపటికి, తొందరేం లేదులే అన్నాడు. భోజనాల వేళకు, మన మండలం ఇంకా లెక్కపెట్టలేదన్నాడు. ఆ తర్వాత టీవీ ఆగిపోయింది. నేను లోపలికి పోయి చూస్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం కింద ఫ్లెక్సీ చుట్ట కూడా అలాగే పడుకుని ఉంది. ఇద్దరిలో ఎవరిని ముందు ఓదార్చాలో తెలియలేదు.

అప్పుడే నల్లమల వైపు నుంచి మబ్బు లేచింది. గాలి మొదలైంది. అమ్మా నేనూ పరుగులు పెట్టి గింజలన్నీ ఒక కుప్పగా తోశాం. మాకున్న టార్పాలిన్ పట్టలు రెండు. ఎలుకలు కొరికిన చిల్లులు పోగా మిగిలినది కుప్పలో సగానికి కూడా సరిపోలేదు. అద్దెకు తెద్దామంటే ఆ గాలికి ఊళ్లో ఒక్క పట్ట ఖాళీ లేదు. అమ్మ నేరుగా ఇంట్లోకి పోయి మంచం కింది చుట్టను కాలితో బయటికి నెట్టింది. నాయన లేచి కూర్చున్నాడు. అది బయటికొస్తే తాను ఊళ్లో తల ఎత్తుకుని తిరగలేనన్నాడు. ఆయన బాధ చూడలేక నేనొక మేధావి సలహా ఇచ్చాను: బొమ్మ కిందికి, తెల్ల వైపు పైకి వచ్చేలా పరిచేస్తే సరి. నాయన ముఖంలో ఆ రోజు మొదటిసారి ఆశ కనిపించింది. అమ్మ ఆ ఆశను ఎంతోసేపు ఉండనివ్వలేదు.

“బోర్లా ఏస్తే కొత్త రంగు గింజలకు అంటుకుంటాది. సేటు ఊరకిచ్చినా తీసుకోడు,” అంది. చుట్ట కొస విప్పి చూసి, “నన్ను కోసేసి కొంగు మాత్తరం పెట్టుకున్నారే,” అని కూడా అంది.

నాయనే స్వయంగా చుట్ట భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కుప్ప మీద పరిచాం. నాయకుడు ఆకాశానికి చెయ్యి ఊపుతున్నాడు. అంచుల మీద రాళ్లు పెట్టాం. చినుకులు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డ వైపు నుంచి డీజే మోత వినిపించింది. గెలిచినవాళ్ల ఊరేగింపు. నాయన అటు చూశాడు, ఇటు చూశాడు, గబగబా పోయి కుప్ప కుడివైపు కింద, సరిగ్గా తన ముఖం మీద కూర్చున్నాడు.

ఊరేగింపు ముందర మా మామ, నెత్తి నుంచి గడ్డం దాకా రంగు. కుప్ప దగ్గరకు వచ్చేసరికి జనమంతా ఆగిపోయారు. అక్షరాలు బాగా పెద్దవి కావడం వల్ల చదువు రానివాళ్లకు కూడా అర్థమైపోయాయి. డీజేవాడు మోత ఆపేశాడు. వాన మాత్రం పెరిగింది.

“ఏంది బావా, ఆడ కూర్చోనుండావ్?” అన్నాడు మామ.

“గాలికి లేస్తాది. బరువు కావల్ల గదా,” అన్నాడు నాయన, గడ్డం మీదినుంచి నీళ్లు కారుతుండగా.

“రాళ్లు పెట్టినారు గదా. లేయ్ బావా, కింద ఎవురుండారో చూద్దాం.”

జనం నవ్వారు. నేనైతే ఊళ్లో ప్రతి నాటకానికీ ఒక మాట విసిరేవాణ్ణి, ఆ పూట నాకు ఒక్క మాట దొరకలేదు. మాట అమ్మకు దొరికింది.

“ఏమిరా, నీ గింజలు కప్పినావా?” అని తమ్ముణ్ణి అడిగింది.

మామ ముఖం మీది రంగు కారిపోతూ ఉంటే కింద ఉన్న అసలు రంగు కూడా పోవడం చూశాను. పొద్దుటినుంచి ఊరేగింపులో ఉన్నాడాయన. ఊరేగింపులో ఉన్నవాళ్లంతా అంతే. వాళ్ల ఫ్లెక్సీలు చాలా పెద్దవే, కానీ గెలిచినందువల్ల అన్నీ ఆళ్లగడ్డ సెంటర్లో స్తంభాలకెక్కి ఉన్నాయి. ఒక్క నిమిషంలో జనం చెదిరి ఎవరి కుప్ప వైపు వాళ్లు పరుగెత్తారు. రోడ్డు మీద డీజేవాడొక్కడే మిగిలాడు. (అతనిది నంద్యాల. పొలం లేదు.) మామ కదల్లేదు. ఆయనింట్లో పట్టే లేదని మా అందరికీ తెలుసు.

నాయన కాసేపు ఆయన్నే చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. కింద చేతులు జోడించి ఆయనే, పక్కన చీర కొంగు. ఎవరూ నవ్వలేదు, డీజేవాణ్ణి తీసేస్తే ఉన్నది మేం నలుగురమే కాబట్టి.

“ఇరవై అడుగులుంది. మాకు పట్టలు కొంచెం ఉండాయి. కొడవలి తేరా,” అన్నాడు నాతో.

నడిమికి కోశాం. అఖండ విజయం అన్న ముక్కా నాయకుడూ మామ కుప్పకు పోయాయి. సింహం తోకా మా నాయనా మాకు మిగిలారు. గెలిచిన రోజున మా మామ గింజల్ని కాపాడింది ఓడిన నాయకుడే. ఆ మాట అనాలని నాకు నాలుక దాకా వచ్చింది, కానీ నలుగురం ఫ్లెక్సీ అంచులు పట్టుకుని ఉన్నాం, చేతులు ఖాళీ లేవు.

మరునాడు లారీతో పాటు సేటు వచ్చాడు. రెండు కుప్పల్లోంచీ చెరొక గింజ తీసి పంటితో కొరికి, రెండింటిలోనూ తేమ ఉందన్నాడు, రెండింటికీ ఒకేలా రేటు కోశాడు. ఎవరు గెలిచారని మాత్రం అడగలేదు. నాయనా మామా ఒక పార్టీలో ఉన్నట్టు కలిసి ఆయన్ను తిట్టడం నేను చూసిన మొదటిసారి అదే.

ఇప్పుడు నేను నంద్యాలలో ఒక ఎరువుల కంపెనీలో లెక్కలు చూస్తున్నాను. మొన్నటి ఎన్నికల ఫలితాల రోజు ఆఫీసులో అందరూ టీవీ ముందు మూగితే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. నల్లమల వైపు మబ్బుగా ఉంది. ఇంటికి ఫోన్ చేస్తే నాయన ఎత్తాడు. గింజలు కప్పారా అని అడిగాను. కొత్త పట్ట తెచ్చారట, దాని కింద పాత ఫ్లెక్సీ ముక్క కూడా పరిచారట. రంగులన్నీ వెలిసిపోయాయి కాబట్టి ఇప్పుడు ఎటువైపైనా వేసుకోవచ్చట. ఆయన ముఖం కూడా పోయిందట, కొంగు మాత్రం ఇంకా కనిపిస్తోందని అమ్మ పక్కనుంచి అందుకుంది.

“అది సరే, ఎవురు గెలిచినారో అడగవేందిరా?” అన్నాడు నాయన.

“ఇంగా మబ్బు తేలలేదు నాయనా,” అన్నాను.

 ఆయన ఫోను పక్కకు పెట్టి అమ్మతో అనడం వినిపించింది, “వీడికీ వచ్చిందే, ముందుచూపు.” నేను నా కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాను. అది పొగడ్త కాదని నాకు తెలుసు. అయినా చాలాసేపు నవ్వుకుంటూనే ఉన్నాను.